ఉల్లిగడ్డల బండి గొంతు

ఏంది మేడం? దుకాణం తగలవెడ్తా అని పట్టాభి సారును ఫోన్ల బెదిరించింది నా మొగడు బుచ్చయ్యేనని మిషిన్ జెప్పిందా? గొంతు కలిసిందా? శానా గొప్ప మిషిన్ తెచ్చిండ్రు తియ్యుండ్రి!

ఎస్సై మేడం, ఒక్కమాట అడుగుతా. నెల కింద మీరు స్టేషన్‌కు పిలిచినప్పుడు ఆయన మాట్లాడంగ ఇన్నరా లేదా? పేరు అడిగితే బు... బు... అని ఎంతసేపు కొట్టుకున్నడు! చిన్నప్పటి సంది నత్తి ఆయనకు. మీ కానిస్టేబులేమో 'యాక్టింగ్ జేస్తున్నడు' అన్నడు. ఆహా! పెండ్లిసూపులల్ల నా ముంగట గూడ యాక్టింగే జేసిండంటరా?

మరి గొంతు శాంపిల్‌కు ఏం జేసిండ్రు? ఆయన ట్రాలీ ఆటోకు మైకుంటది గదా. 'ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు' అని వనస్థలిపురం గల్లీలన్నీ ఒర్లుతది గదా. గా మైకుల మాట రికార్డు జేసిన చిప్పు గుంజుకపోయి ల్యాబుకు పంపిండ్రు. అబ్బబ్బ, ఏం తెలివి! బండి ఆయనదైతే గొంతు గూడ ఆయనదేనా? నోటితోని ఒర్లగలిగితే చిప్పెందుకు మేడం?

ల్యాబోళ్లు ఏం జేస్తరు పాపం. చిప్పును, ఫోన్‌కాల్‌ను పక్కపక్కన పెట్టి ఇన్నరు, రెండూ ఒకటే అన్నరు. గా చిప్పు మీద బుచ్చయ్య పేరు రాసి పంపింది మీరు. ఇంత సదువు సదివి గింతేనా? థూ!

లొల్లి అయిన మాట నిజమే. దిల్‌సుఖ్‌నగర్‌ల తన బట్టల దుకాణం ముంగట బండి ఆపినమని పట్టాభి సారు ఉల్లిగడ్డలన్నీ రోడ్డు మీద గుమ్మరించిండు. 'ఏవయ్యా, ఇది మీ తాతగారి రోడ్డా?' అన్నడు. ఈయన జవాబు జెప్పవోయి నత్తివడ్డడు. చుట్టున్నోళ్లంత నవ్విండ్రు. గప్పుడు రాని మాట ఫోన్ల గడగడ ఎట్లొస్తది?

ఏందీ? చిప్పుల గొంతు ఎవరిదా?

ఎవల్దో! బజార్ల అమ్ముతరు గసుంటియి. నాకేమెరుక?

...రేపు జైలుకా? ఆయన్నా? జడ్జి ముంగట నోరు తెరవాల్నంటేనే ఆయనకు పొద్దుగూకుతది మేడం. జవాబు జెప్తలేడు, తప్పు ఒప్పుకున్నడని రాసుకుంటరు మీరు.

జర ఆగుండ్రి. కాయిదం పక్కకు వెట్టుండ్రి.

శైలేందర్. నా తమ్ముడు. బావ అరవలేడని వాడే చిప్పుల మాట్లాడి ఇచ్చిండు. ఫోన్ గూడ వాడే జేసిండు. బావను చూసి నవ్విండ్రని ఓర్వలేకపోయిండు, దొంగనాకొడుకు. మీ మిషిన్ నిజమే జెప్పింది, పోండ్రి.

బయట బండి మీద కూసున్నడు. బావకు అన్నం తెచ్చిండు. ఆ కానిస్టేబుల్‌ను పంపకుండ్రి, ఉరుకుతడు. నేను పిలుస్తా. నేను పిలిస్తే ఒస్తడు.