తెగిన సంగతి తెలియని చెక్క

కండక్టరు రిటైరై మూడేళ్లయినా ఆయన గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. వెనక తలుపు దగ్గర నుంచి డ్రైవరుకి వినబడేలా ముప్పై ఏళ్లు అరిచిన గొంతది. టీ కొట్టు బెంచీ మీద కూర్చుని గుసగుసలాడినా వీధి చివరి ఇంటికి వినబడుతుంది. ఆ సాయంత్రం గుసగుసలు కూడా కావు. చేతిలో గ్లాసు ఊగిపోతోంది, సగం టీ చొక్కా మీదే ఉంది.

పైకి అంత హుషారుగా ఉన్నాడు గానీ ధ్యాసంతా ఆదివారం మీదే ఉంది. ఆ రోజు కూతురు రెండు నెలల పసిగుడ్డుని ఎత్తుకుని వస్తోంది. "మనవరాలికి ఉయ్యాల నేనే చేస్తా, వడ్రంగి చెయ్యి పడనివ్వను" అని ఫోన్లో మాటిచ్చేశాడు. ఇవాళ గురువారం. ఉయ్యాల ఎంతవరకూ వచ్చిందని ఎవరైనా అడిగేలోపు తనే తన రంపం మిషన్ ముచ్చట ఎత్తుకుంటే పోలా అనుకున్నాడు, ఎత్తుకున్నాడు.

"రంపం మిషన్ ఎలా కొన్నానో మీకు చెప్పలేదు కదూ?"

"చెప్పావు గురూ, మూడుసార్లు," అన్నాడు పక్కన కూర్చున్న టైలరు.

"అసలు సంగతి చెప్పలేదులే! మూతపడిన ఫర్నిచర్ వర్క్‌షాపు, వెనక గదిలో గోనెపట్టా కప్పుకుని పడుంది పాపం. ఇనప బల్లంతా తుప్పు, మధ్యలోంచి బ్లేడు సగం పైకి పొడుచుకొచ్చి ఉంది. ఓనరేమన్నాడూ, 'పెద్దాయనా, ఆరేళ్లుగా అది ఎవరి మాటా వినలేదు, మీకెందుకొచ్చిన గొడవ' అన్నాడు. నేను ఊరుకుంటానా? బల్ల మీద ఇలా అరచెయ్యి వేశాను. వెయ్యగానే లోపల మోటారు గుర్రుమంది! ప్లగ్గు చూస్తే నేల మీద పడుంది!"

"కరెంటు లేకుండానే తిరిగిందా అన్నయ్యా?" టీకొట్టావిడ పాలు పొంగకుండా గరిట తిప్పుతూ అడిగింది.

"కరెంటెందుకు చెల్లెమ్మా, మనిషిని గుర్తుపట్టింది! నలుగురు కూలీలు వచ్చారు, ఎత్తలేక ఎత్తలేక చెమటలు కక్కుకుంటున్నారు. తప్పుకోండ్రా అని, నా టికెట్ల సంచి తగిలించుకున్నట్టు భుజానికి తగిలించుకుని ఇంటికొచ్చేశా. దారిలో ఇద్దరు 'టికెట్' అని చెయ్యి కూడా చాపారు!"

బెంచీ చివర ఒక వడ్రంగి కూర్చుని ఉన్నాడు. కనుబొమల మీద ఇంకా చెక్కపొట్టు అంటుకునే ఉంది. నవ్వకుండా, మాట్లాడకుండా టీ ఊదుకుంటున్నాడు. కండక్టరు అందరి మొహాలూ చూస్తున్నాడు గానీ అతని మొహం మాత్రం చూడటం లేదు.

"కొనడం గొప్పా? దాన్ని సాకడం గొప్ప! కిరసనాయిలు పోసి, ఇసుక కాగితంతో మూడు రోజులు తోమాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా ఆవిడ బల్లలో చూసుకుంటూ తల దువ్వుకుంది. పిచ్చుక ఒకటి అందులో ఆకాశం చూసి ఎగరబోయి ఢాంమని పడింది, నీళ్లు చల్లి లేపాం. బెల్టు మార్చాను, బేరింగులకి గ్రీజు పెట్టాను. బ్లేడు ఊడదీసి పదునుకిచ్చాను. పదును పెట్టినాయన తిరిగిచ్చేటప్పుడు నా చేతులు పట్టుకుని, 'అయ్యా, దీన్ని ఊరికే గాల్లో తిప్పకండి, గాలి తెగిపోతే వీధిలో జనానికి ఊపిరాడదు' అని బతిమాలాడు. సరేనని తెచ్చి నా చేత్తో నేనే బిగించాను. రైట్!"

"ఇంకేం, స్విచ్చి వేసుంటావు," అన్నాడు టైలరు.

"వేశాను! వీధి వీధంతా ఫ్యాన్లు ఆగిపోయాయి!"

"మా ఫ్యాను ఆగలేదే?" అంది టీకొట్టావిడ.

"నీది పక్క వీధి కదమ్మా. బ్లేడు ఎంత స్పీడుగా తిరిగిందంటే ఆగినట్టే కనబడింది. ఒక ఈగ నిజంగానే ఆగిందనుకుని వాలింది. వాలినప్పుడు ఒక్క ఈగ, లేచినప్పుడు రెండు!"

టైలరుకి పొలమారింది. టీకొట్టావిడ గరిట పట్టుకునే వంగి వంగి నవ్వుతోంది. వాళ్ల నవ్వు వింటుంటే కండక్టరుకి ఆదివారం కాస్త దూరం జరిగినట్టే అనిపించింది. ఇంకా ఊపొచ్చింది.

"అప్పుడు చెక్క పెట్టి తోశాను. పొగ! ఇంత పొగ! గదిలో పొగ, వంటింట్లో పొగ, ఎదురింటివాళ్లు పగలే లైట్లు వేసుకున్నారు. ఫైరింజనొచ్చేసింది! వాళ్లు పైపులు లాక్కుంటూ లోపలికొచ్చి చూసి, చేతులెత్తి దండం పెట్టి, 'అయ్యా ఇది నిప్పు కాదు, వేగం. వేగాన్ని ఆర్పే నీళ్లు మా దగ్గర లేవు' అని వెనక్కెళ్లిపోయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొగ పోయాక చూస్తే చెక్క ఉన్నది ఉన్నట్టే ఉంది!"

"అంటే తెగలేదన్నమాట," అన్నాడు టైలరు.

"తెగింది! తెగకపోవడమేమిటి! ఎంత నాజూగ్గా తెగిందంటే, తెగిన సంగతి ఆ చెక్కకే తెలీలేదు. ఇంకా ఒక్కటిగానే ఉన్నాననుకుంటోంది పిచ్చిది. పది రోజుల్లో అలా పన్నెండు చెక్కలు కోశాను. పన్నెండూ గోడకి ఆనించి ఉన్నాయి. అన్నీ తెగినవే, ఒక్కదానికీ తెలీదు!"

టైలరు తొడ మీద చరుచుకున్నాడు. అప్పుడు నోరు విప్పాడు వడ్రంగి.

"బాబాయ్, చెక్క మీద నల్లగా కాలిన గీత పడిందా?"

"గీతేమిట్రా, కాటుక దిద్దినట్టుంది!"

"తోస్తుంటే ముందుకి పోనని మొరాయించిందా?"

"మొరాయించదూ మరి? నన్ను చూసి హడలిపోయింది!"

"బ్లేడు నువ్వే బిగించానన్నావు కదా. బల్ల పైన పళ్లు ఎటు చూసేలా పెట్టావు?"

"ఎటేమిటి, అటే! నా నుంచి అవతలికి. పళ్లున్నదాన్ని ఎవడైనా తన వైపు తిప్పుకుంటాడా? కుక్కని కట్టేసినా మొహం వీధి వైపు ఉండేలా కడతాం కదా!"

వడ్రంగి గ్లాసు కింద పెట్టాడు. "మనవైపే చూడాలి బాబాయ్. నువ్వు బ్లేడు తిరగేసి బిగించావు. పది రోజులుగా పళ్ల వీపుతో చెక్కని రుద్దుతున్నావు. ఇంతసేపు చెప్పినదాంట్లో ఆ పొగ ఒక్కటే నిజం."

కొట్టు ఘొల్లుమంది. టైలరు బెంచీ మీంచి జారి కింద కూర్చున్నాడు. "కుక్క మొహం వీధి వైపు" అంటూ టీకొట్టావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అందరూ కండక్టరు ఏదో ఒకటి అంటాడని చూశారు.  ఆయనకి మాత్రం నిన్న సాయంత్రం ఫోన్లో కూతురితో "పాలిష్ ఒక్కటే మిగిలింది తల్లీ" అన్న మాట గుర్తొచ్చింది. 

"ఆదివారం అమ్మాయి వస్తోందిరా," అన్నాడు చివరికి. ఆ మాట బెంచీ మీద ఉన్నవాళ్లకి తప్ప ఎవరికీ వినబడలేదు. "ఉయ్యాల్లో ఒక్క ముక్క కూడా తయారు కాలేదు."

నవ్వులు ఆగిపోయాయి. టైలరు లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"బ్లేడు తిప్పి బిగించడం ఎంతసేపు, ఐదు నిమిషాలు," అన్నాడు వడ్రంగి. "రేపుంది, ఎల్లుండుంది. చెక్క నువ్వే తోద్దువుగాని, నేను పక్కన నిలబడతా."

"వడ్రంగి చెయ్యి పడనివ్వనని అమ్మాయికి మాటిచ్చానురా."

"నా చెయ్యి బ్లేడు నట్టు మీద పడుతుంది బాబాయ్, ఉయ్యాల మీద పడదు."

కండక్టరు గ్లాసులో మిగిలిన చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేశాడు. లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్లీ కూర్చున్నాడు. వడ్రంగి చెయ్యందించాడు.

"లే బాబాయ్. పాపం ఆ పన్నెండు చెక్కలూ సంగతి తెలీక గోడకి ఆనుకుని ఎదురుచూస్తున్నాయి. మనిద్దరం పోయి, మీరు తెగిపోయారని వాటికి చెప్పేసొద్దాం పద."