మూతుల లెక్క

మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం కరుగుతోంది. పెళ్లిచూపుల అబ్బాయి మాత్రం ఎదురుగా కూర్చున్న అమ్మాయి పెదవి మీది పొక్కును చూసి గడ్డకట్టుకుపోయాడు. ఏ జబ్బు ఎంతమందికి ఉందో అంచనా కట్టడమే ఆమె ఉద్యోగం.

“గది హెర్పిస్ గదా? ఇప్పుడే అమ్మకు మెసేజ్ పెట్టిన, ఈ సంబంధం వద్దంటున్నది. మా ఖాందాన్‌ల ఎవ్వరికీ లేదట.”

“ఎవ్వరికీ లేదని ఆమెకెట్ల తెలిసింది?”

“మొన్న దావత్‌ల అందరి మూతులు చూసింది.”

“వాహ్! మేం లెక్కలు కడతం, అమ్మగారు మూతులు కొలుస్తరు. చిన్నప్పుడు మేనత్త ముద్దు పెట్టినా అంటుతదండీ ఇది. శానామందికి ఉన్నా బయటికి పొక్కదు. అందుకే దేశదేశాల్ల కొంతమంది రక్తం పరీక్ష చేసి, దాన్నిబట్టి అంచనా కడతరు. యాభై ఏండ్ల లోపోళ్లల్ల దాదాపు మూడింట రెండొంతుల మందికి ఉంటదని లెక్క.”

“నాకైతే లేదు.”

“నాంపల్లిల ల్యాబ్ ఉన్నది. నడవండి, ఇద్దరం రక్తం ఇద్దం.”

“అమ్మో, వద్దు! ఉందని తేలితే అమ్మకేం చెప్పాలె?”

ఆమె నవ్వుతూ లేచింది.

“పిల్లే వద్దన్నదని చెప్పండి. మీ మూతికి ఏ రోగం లేకపోవచ్చు. గని అండ్ల మీ సొంత మాట ఒక్కటన్న లేదు.”