ఎందుకు చెయ్యెత్తానంటే

అబ్బబ్బ, ఇంక ఆ పూలు నా మొహం మీద పెట్టకు అమ్మాయ్. పొద్దుట్నించీ పూలే. ఆ వాసనకి తల పగిలిపోతోంది. అదిగో, ఆ కుర్చీలో పడెయ్. అది కాదు, అది ఆయన కుర్చీ. ఈ పక్కది.

తలుపు దగ్గరగా వేసి కూర్చో. మీ కాలనీ వాళ్ళందరినీ పంపించేసి నిన్నొక్కదాన్నే ఎందుకుండమన్నానా అని చూస్తున్నావు కదూ? అందరిలోకీ నీ గొంతే పెద్దది మరి. "మా కాలనీకి మెట్రో తెచ్చిన ఆడపులి" అని వీధంతా దద్దరిల్లేలా అరిచావు. లోపల మంచం మీద పడుకున్న మా అత్తగారు లేచి కూర్చుంది. "పులేమిటే? ఎక్కడే?" అని.

నవ్వు, ఫర్లేదు. నాకే ఓపిక లేదు.

మేడమ్ అనకు. ఈ ఇంట్లో ఆ పిలుపు వినపడితే వెనక ఎవరున్నారా అని చూస్తాను. నేను గెలిచి మూడేళ్ళయింది. ఇప్పటికీ వచ్చినవాళ్ళు "కార్పొరేటర్ గారున్నారా?" అంటారు. నేను తలుపు తీసి "లేరండీ, బయటికెళ్ళారు" అంటాను. ఏం చెయ్యను, నోటికి అదే వస్తుంది. ఓట్లు నాకు, కుర్చీ ఆయనకి, వచ్చినవాళ్ళకి టీ పెట్టడం మళ్ళీ నాకు.

నువ్వెప్పుడైనా కౌన్సిల్ హాలు చూశావా? చూడలేదా? ఏం పోయిందిలే. పైన ఒక బాల్కనీ ఉంటుంది, చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం. అందులో ముందు వరస మా మొగుళ్ళది. అలాగని ఎక్కడా రాసిలేదు, అయినా ఇంకెవడూ అక్కడ కూర్చోడు. కింద మేం ఆడమెంబర్లం, నెత్తిమీద వాళ్ళు. ఒక్కో జంటకి ఒక్కో సైగ. ఒకాయన జేబురుమాలు తీస్తే వాళ్ళావిడ చెయ్యెత్తుతుంది. ఇంకొకాయన దగ్గుతాడు. మా ఆయనది కళ్ళజోడు. తీస్తే ఎత్తాలి, పెట్టుకునుంటే ఊరుకోవాలి.

ఇందులో ఇంకో తిరకాసుంది. మా ఆయన పార్టీలో పెద్దతలకాయ కదా, అందుకని మిగతా మొగుళ్ళు ముందు నా చెయ్యి చూస్తారు. అది లేస్తే అప్పుడు వాళ్ళ వాళ్ళకి సైగ చేస్తారు.

పైకి చూసీ చూసీ నాకు మెడనొప్పి పట్టుకుంది. డాక్టరమ్మ దగ్గరికెళితే "మీరేం పని చేస్తారండీ?" అంది. ప్రజాసేవ అన్నాను.

సరే, మొన్నటి వరకూ బాగానే గడిచింది. నిన్న మెట్రో పడింది నెత్తిన. నాకెంతవరకు అర్థమైందో చెప్తాను, తప్పయితే దిద్దు. ఇప్పుడు లైను పెద్దాసుపత్రి దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణించి పొడిగించడానికి రెండు దార్లు. ఒకటి బట్టల ఫ్యాక్టరీల మీదుగా మీ కాలనీకి. రెండోది రింగురోడ్డు పక్కన ఖాళీ నేలల్లోకి. అక్కడ మనుషుల్లేరు. మరి రైలెవరికి అంటే, నేలకి. మా ఆయనా ఆయన స్నేహితులూ కొన్న నేల. అందులో సగం నా పేరు మీదే ఉందట. నా పేరు మీద చాలా ఉన్నాయిలే తల్లీ. వార్డు కూడా ఉంది.

నిన్న ఓటుకి పెట్టింది మీ దారి. అది ఓడిపోవాలి, తరవాత రింగురోడ్డు దారి గెలవాలి. నేను చెయ్యవలసిందల్లా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం. అంతకన్నా తేలికైన పని ఉంటుందా?

ముందు వాదనలు. అబ్బో, ఏం వాదించారు! ఒకాయన మెట్రో అంటే అభివృద్ధి అన్నాడు, ఒకాయన విధ్వంసం అన్నాడు. రోడ్డు పక్క కొట్లు పోతాయని ఒకడు, పోతే పోనీ కొత్తవొస్తాయని ఒకడు. నీ వార్డు, నా వార్డు, నీ తాత, నా తాత. బల్లలు విరగ్గొట్టినంత పని చేశారు. అందరూ కార్లలో వచ్చారు, కార్లలో పోయారు. బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషి ఒక్కత్తి లేదు ఆ హాల్లో. నేను మాత్రం ఎక్కానా ఏమిటి?

ఆఖరికి మేయరు "అనుకూలమైన వాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. పైకి చూశాను. కళ్ళజోడు చేతిలో ఉంది. ఎత్తాను.

ఆవలింత వచ్చిందట! అంతసేపు ఆ గోల విని విని నిద్ర ముంచుకొచ్చి, కళ్ళు నులుముకోడానికి తీశాడట.

నా చెయ్యి లేవగానే బాల్కనీలో కలకలం. పెద్దాయన మాట మార్చినట్టున్నాడు, మనకి చెప్పలేదే అని రుమాళ్ళు లేచాయి. దగ్గులు మొదలయ్యాయి. కంగారులో ఒకాయనకి నిజంగానే పొలమారింది. కింద చేతులు టపటపా లేచాయి. ఆయన కళ్ళజోడు తగిలించుకుని కిందికి చూసేసరికి మీ కాలనీ గెలిచి కూర్చుంది.

అదమ్మా సంగతి. మీకు రైలు తెచ్చింది నేను కాదు, మా ఆయన ఆవలింత. ఆ పూలేవో ఆయనకే ఇచ్చుకోండి.

ఏం, నమ్మబుద్ధి కావడం లేదా? నాకూ అలాగే అయింది, పొద్దున పేపరు చూసి. "భర్తను ఎదిరించిన భార్య." పక్కన నా ఫొటో, చెయ్యెత్తి, మెడ పైకెత్తి. కింద ఏం రాశాడో తెలుసా? "భవిష్యత్తుకేసి చూస్తున్న కళ్ళు." ఒరి నాయనా, అవి ఒక కళ్ళజోడుకేసి చూస్తున్న కళ్ళురా!

ఆయనా? తిట్టలేదు. తిట్టినా బాగుండును. బయట చెప్పుకోలేడు కదా పాపం, నేను ఆవలిస్తే మా ఆవిడ ఓటేసిందండీ అని. రేపు సభ మొదట్లో నిన్నటి తీర్మానాలు చదివి ఖాయం చేస్తారు. అప్పుడు నేను లేచి, "మొన్న పొరపాటున చెయ్యెత్తాను, వెనక్కి తీసుకుంటున్నాను" అనాలి. నా చెయ్యి దిగితే మిగతా చేతులూ దిగుతాయి.

పొద్దున అద్దం ముందు నిలబెట్టి నాచేత అనిపించాడు. "అంత గట్టిగా వద్దు, కాస్త సిగ్గుపడుతూ చెప్పు" అన్నాడు. సిగ్గు నటించక్కర్లేదు, చాలా ఉంది. ఆ మాట అనకపోతే? అడిగాను. మేజోళ్ళు తొడుక్కుంటూ, తలెత్తకుండా, "అప్పుడు హాల్లోంచి ఎక్కడికెళ్ళాలో నువ్వే చూసుకో" అన్నాడు. మా అత్తగారు గోడ అవతల్నించి, "కాపురం చేసుకునేదానికి ఇవన్నీ ఎందుకే?" అంది. ఈవిడే కదా నామినేషన్ నాడు నాకు తల దువ్వి పంపింది!

చిత్రం చూడు. మూడేళ్ళలో ఆ హాల్లో నేను నోరు విప్పబోయేది మొదటిసారి. అందులోనూ మా ఆయన చెప్పమంటున్నది పచ్చినిజం. పొరపాటే కదా? పొరపాటే. "తెలిసే ఎత్తాను" అంటేనే అబద్ధం. నిజం చెబితే నీ రైలు పోతుంది, అబద్ధమాడితే నా ఇల్లు పోతుంది. చిన్నప్పుడు బళ్ళో ఏం నేర్పారే మనకి, సత్యమేదో గెలుస్తుందని?

అలా నా చెయ్యి పట్టుకోకు. ఏడుపొస్తే ఇంక మాట్లాడలేను.

నాకు ధైర్యం ఉందో లేదో నాకే తెలీదు. కానీ ఒకటి తెలుసు. రేపు నేను లేచి తెలిసే ఎత్తానంటే, ఎవడో ఒకడు వెంటనే అంటాడు, "ఏం తెలుసమ్మా నీకు?" అని. అనక మానడు. అప్పుడు నేను బాల్కనీకేసి చూశానంటే అయిపోయినట్టే. చూడకుండా ఉండాలంటే నా దగ్గర జవాబుండాలి. ఏముంది? మీ కాలనీకి ఓట్లప్పుడు జీపులో వచ్చాను. దిగనైనా దిగలేదు, బురదని. మీ షిఫ్టు ఎప్పుడు మొదలవుతుందో తెలీదు. మీ బస్సు నంబరు తెలీదు.

నిజంగా రైలొస్తుందా అంటావా? వచ్చేసరికి నీ కూతురికి జుట్టు నెరుస్తుంది. రింగురోడ్డుకైతే రేపే వచ్చేదనుకో.

ఆయన పార్టీ ఆఫీసుకెళ్ళాడు, రావడానికి ఇంకా టైముంది. చెప్పు. పొగడ్తలొద్దు, పనికొచ్చేది చెప్పు. పొద్దున ఇంట్లో పొయ్యి ఆర్పి ఎప్పుడు బయల్దేరతావు? ఏ బస్సు? అది రాకపోతే? ఎక్కడ దిగి ఎక్కడ నడుస్తావు, ఆలస్యమైతే ఫ్యాక్టరీలో ఏమంటారు? రేపు ఆ అబద్ధం ఆడతానో లేదో మాటివ్వలేను. ఆడితే మాత్రం వివరంగా ఆడాలి కదా.

నెమ్మదిగా చెప్పమ్మా. నాకు ఒకసారి వింటే ఎక్కదు.