పోచారాన్ని ఒరగదోసిన చేపలు

అడగడం కొందరికి చేతకాదు. ఆకలేస్తే అవతలివాళ్ల కూర వాసన మెచ్చుకుంటారు గానీ ఒక ముద్ద పెట్టమనరు. కామారెడ్డిలో ఒక పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే ప్రభుదాసు ఆ కోవకు చెందినవాడు. రెండు వేల పన్నెండు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అతను ఎల్లారెడ్డి బస్టాండు పక్కన, సాలవ్వ చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాడు. కాళ్ల మధ్య పాత రంగు డబ్బా. అందులో నలుపు తెలుపు చారల చేపల జంట, వాటి చుట్టూ ఆవగింజలంతేసి పిల్లలు.

దవాఖానాలోని అద్దాల తొట్టిలో తక్కిన చేపలను ఈ జంట బతకనివ్వడం లేదని, మురుగు మోరీలో పారబోయమన్నాడు డాక్టరు. పారబోయడానికి ప్రభుదాసుకు చేతులు రాలేదు. బస్సెక్కించి తెచ్చాడు. ఎల్లారెడ్డిలో అతనుండే అద్దెగదిలో బిందె పెట్టడానికే చోటు లేదు. డబ్బాలో నీళ్లు వేడెక్కుతున్నాయి. పొద్దు వాలేలోగా నీడపట్టున ఇంత నీరు దొరక్కపోతే పిల్లలు దక్కవు. హోటల్ వెనక చింతచెట్టు కింద సాలవ్వకు నీళ్లు పట్టుకునే సిమెంటు హౌజు ఉంది. దాని కోసమే వచ్చాడు. అడుగుదామని నోరు తెరిచాడు కూడా. కానీ నోటికి అలవాటైన దారి వేరు.

"అవ్వా, ఇవి మామూలు చేపలు గావు. వీటిని సంబాళించినోడు కామారెడ్డిల నేనొక్కన్నే."

"ఏం జేసినవే అంతగనం?" అన్నాడు ఆటో నడిపే జైసింగ్, చాయ్ ఊదుకుంటూ.

"అన్ని చేపలు కల్సి మంచిగున్న తొట్టి తమ్మీ అది. ఓనాడు ఈ రెండు జోడైనయ్. నేనొక కుండపెంక పెట్టిన, దాని మీద గుడ్లు వెట్టినయ్. ఇగ సూడు, తొట్టంత వీటిదే! మిగిలినయన్నీ ఓ మూలకు ఒదిగినయ్. నేనేం జేసిన? లోపటి రాళ్లన్నీ తారుమారు జేసిన. హద్దులు గుర్తువట్టకపోతే కొట్లాట ఆగుతదని."

"హద్దురాళ్లు జరిపితే మా తండాల తలకాయలు వల్గుతయన్నా."

"గదే గద! తెల్లారి సూస్తే రాళ్లన్నీ ఎక్కడియక్కడ్నే ఉన్నయ్. రాత్రికి రాత్రి నోట్లె వట్టి మోసినయ్."

"పుచ్చకాయంత రాళ్లా?" అన్నాడు పక్కన పంక్చర్ దుకాణం యాకూబు.

"ఇంకా పెద్దయి భాయ్. సరే అని నడుమ అద్దం పెట్టిన. మొగది ఒక్క గుద్దు గుద్దింది, అద్దం రెండు ముక్కలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిచ్కుంద నుంచి పన్ను నొప్పితోని ఒకాయన వచ్చిండు. పిల్లలు ముద్దుగున్నయని తొట్టి మీదికి వంగి నోరు తెరిసిండు. తల్లిచేప ఎగిరి పుచ్చిపోయిన పన్ను పట్టి పీకింది! సూది లేదు, నెత్తుర్లేదు. తెల్లారేసరికి బిచ్కుంద అవతల నుంచి మరాఠోళ్లు బండ్లు కట్టుకొని వచ్చిండ్రు, డాక్టరు వద్దు చేపే కావాలని."

జైసింగ్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కాళ్లు డబ్బాకు కొంచెం దూరంగా జరుపుకున్నాడు. యాకూబూ జరిగాడు. ప్రభుదాసు అది గమనించాడు. చేపలను పొగిడితే ఎవరైనా దగ్గరికి తీస్తారనుకున్నాడు. పొగిడేకొద్దీ వాటికి చోటు తగ్గిపోతోంది. అక్కడ ఆగవలసింది. కానీ సాలవ్వ పొయ్యి మీది నుంచి తల తిప్పలేదు. ఆమె చూసేదాకా గొంతు పెంచడం తప్ప అతనికి మరో ఉపాయం తట్టలేదు.

"గదంతా ఒకెత్తు. పోచారం చెర్వుల ఇడ్సిన వీటిని! ఇడ్సిన గడియకే చెర్వుల ఉన్న కొర్రమట్టలు, మొసళ్లు, బాతులు అన్నీ పాణభయంతోని ఒక్క దిక్కుకు ఉరికినయ్. ఆ బరువుకు చెర్వే ఒరిగింది భాయ్! ఓ దిక్కు కట్ట మీంచి నీళ్లు దుంకుతున్నయ్, ఇంకో దిక్కు అడుగు తేలింది. జింకలు పొడినేల మీద నిలవడి సూస్తున్నయ్. మెదక్ దిక్కోళ్లు వచ్చి కాళ్లు మొక్కిండ్రు, 'నీ చేపల్ని తీస్కపో ప్రభన్నా, మా ఊర్లు మునుగుతయ్' అని..."

మాట్లాడుతున్నంతసేపూ అతని చెయ్యి డబ్బాలోనే ఉంది. గాలి అందాలని నీళ్లను మెల్లగా కదుపుతున్నాడు.

సాలవ్వ గరిటె పక్కన పెట్టి వచ్చి డబ్బాలోకి వంగింది.

"చెర్వునే ఒరగదోసినయ్ గదరా, మరి నీ ఏలు కూడా కొరుకుతలేవేంది?"

ప్రభుదాసు చెయ్యి ఆగిపోయింది. నిజమే. మొగచేప వచ్చి అతని వేలికొసను పొడిచి పోతోంది. చీమ కుట్టినంత కూడా లేదు. తల్లి పిల్లలను కడుపు కిందికి పోగేసుకుని ఒక పక్కన వణుకుతోంది. అవి రెండూ కలిపి అరచేతిలో ఇమిడేంత.

"పిల్లలున్నయని గాయిగాయి జేస్తున్నయ్," అంది సాలవ్వ. "నా పిల్లలు చిన్నగున్నప్పుడు నేనూ మా వాడకట్టును గిట్లనే దూరం నిలవెట్టిన. నలుగురి నడుమ వెట్టి కొట్లాడుతున్నయంటే ఎట్ల? ఇల్లు వేరుగుండాలె. నా హౌజు ఖాళీగ లేదా? గప్పటి సంది పోచారం, మొసళ్లు, మరాఠోళ్లు! ఉంచుకో అవ్వా అన్న ఒక్క మాట నీ నోట్లెకెల్లి రాకపాయె."

"అవ్వా, పళ్లు పీకుతయట," అన్నాడు జైసింగ్.

"నా నోట్ల పీకనీకె ఏమున్నయ్ రా!"

హౌజు నీళ్లు చల్లగా ఉన్నాయి. ఒక్కసారి పోస్తే చేపలు తట్టుకోలేవు. ప్రభుదాసు చెంబుతో కొంచెం కొంచెంగా ఆ నీళ్లు డబ్బాలో కలుపుతూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. తర్వాత డబ్బాను నెమ్మదిగా ఒంచాడు. జంట నీడలోకి దిగింది. తరమడానికి ఎవరూ లేరు. మొగది హౌజు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, చారల నలుపు పలచబడి, పిల్లల పక్కన నిలబడింది.

జైసింగ్ వెనక నుంచి కేకేశాడు: "అన్నా, ఇప్పుడేమైతది? ఎల్లారెడ్డి ఒరుగుతదా?"

ప్రభుదాసు నోరు తెరిచాడు. పెద్ద మాట ఒకటి గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగి, తడిచేతులు తుండుకు తుడుచుకుంటూ సాలవ్వ వైపు తిరిగాడు.

"అవ్వా, రేపొకసారి వచ్చి సూస్కోనా?"

"రా బిడ్డా," అంది సాలవ్వ. "నోరు మాత్రం ఇంటికాడ వెట్టి రా."