మూడో పెట్టెలో రాయి

రాళ్ల బలం పరీక్షించే ల్యాబ్‌లో ఆవిడ పొద్దుటినుంచి నిలబడే ఉంది. గని డ్రిల్లరు ముచ్చటగా మూడోసారి పెట్టె మోసుకొచ్చి ఆవిడ బల్లమీద దించాడు.

"మళ్లీనా బాబాయ్? గని పైకప్పును మోసే ఆ పిల్లర్ రాయి ఆరు టన్నులకే పగిలిపోతోందని రెండుసార్లు రాసిచ్చాగా."

"ఇంకోసారి చూడమన్నారమ్మా మేనేజరుగారు. తిరగలేక నాకూ కాళ్లు లాగేస్తున్నాయి."

ఆవిడ రాతిముక్కను మెషిన్ కింద నిలబెట్టి స్విచ్ నొక్కింది. ముల్లు ఆరు దాటింది, పది దాటింది. పదహారు దగ్గర రాయి ఫెళ్లున పగిలింది.

"ఇంకేం, మీ మేనేజరుగారు కోరుకున్నదే వచ్చింది. పట్టుకెళ్లండి."

అతను కదల్లేదు.

"ఏమైంది బాబాయ్?"

"ఇది ఆ పిల్లర్‌ది కాదమ్మా. ఇంకోవైపు గట్టి చోటు చూసి తీయించారు."

"పెట్టె మీద ఆ పిల్లర్ నంబరే ఉందిగా!"

"రాసింది నేనే. రాయకపోతే రేపట్నుంచి రావద్దన్నారు."

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ పిల్లర్ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు?"

"షిఫ్టుకి పద్నాలుగు మంది. మా తమ్ముడూ అక్కడే."

"మరి నన్నేం రాయమంటారు?"

"పదహారే రాయమ్మా. ఆ రాయి ఎక్కణ్ణుంచి తీశామో కూడా రాయి. కింద నేను సంతకం పెడతాను."

"ఉద్యోగం పోతుంది బాబాయ్."

"తెలుసమ్మా. దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చాను."

ఆవిడ కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

"సంతకానికి కాస్త ఎక్కువ చోటు వదులు తల్లీ. ముప్ఫై ఏళ్లు డ్రిల్లు పట్టిన చెయ్యి, వణుకుతుంది."