ఓబుల్రెడ్డి ఉలవలు ఉడకేసిన సంగతి

ఏమ్మే మల్లేశ్వరీ, నిన్నే. కరెంటు కుక్కర్లో శెనగలు నిండా పోసి, చప్పుడు వినపడకూడదని మూత మీద తడిగుడ్డ కప్పి వచ్చి కూర్చున్నావు. కథ వినటానికొచ్చావా, ఇంట్లో వాళ్ళని కాల్చుకోటానికొచ్చావా? లేచి పో. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, ఇంక దాని జోలికి పోకుండా రా. అదంతట అది చల్లారనీ. చెప్పి చెప్పి నా నోరు అలిసిపోయింది, అయినా చెప్తా వినండి.

అద్దంకి అవతల ఒక పల్లెలో ఓబుల్రెడ్డి అని, బండలాగుడు పందేలకి ఎడ్లని మేపేవాడంట. భార్య కాశమ్మ, రెండెడ్లు, అదే ఆయన లోకం. భార్య తిన్నదో లేదో అడిగేవాడు కాదు గానీ, ఎడ్లు తినకపోతే తనూ తినేవాడు కాదనుకో. అవీ అంతే, ఆయన కుడిచేత్తో పగ్గం పడితే తప్ప ఇంకొకరు అదిలిస్తే అడుగు కదపవు. ఎనిమిదేళ్ళుగా ఆయనకి ఒకటే ఆశ, తిరునాళ్ళ పందెంలో తన ఎడ్లు మొదటి బహుమానం కొట్టాలని. ఆ ఏడు ఎడ్లు మంచి వయసు మీదున్నాయి, ఈసారి ఓబుల్రెడ్డిదే అని ఊరంతా అంటంది. ఇంక నాలుగు రోజులుంది పందెం.

ఏమైందంటే, ఎడ్లకి రోజూ ఉలవలు నానేసి, ఉడకేసి, గోరువెచ్చగా పెట్టి, అప్పుడు బండ కట్టి తోలాల. ఆ రోజు నానెయ్యటం మర్చిపోయాడంట. చేలో బండ దగ్గర మనుషులొచ్చి కాచుకొని ఉన్నారు. కట్టెలపొయ్యి మీదయితే మధ్యాన్నం అయిద్ది. కాశమ్మకి పొగ పడక దగ్గొస్తంటే కూతురు కొనిచ్చిన కరెంటు కుక్కరుంది ఇంట్లో. అది తీసుకెళ్ళి కొట్టం వసారాలో పెట్టాడు. కాశమ్మ చూసి, అది మనుషులు తినేదయ్యా అంది. నా ఎడ్లు నీకన్నా శుభ్రంగా తింటయిలే అన్నాడు. సరే తిన్నియ్యి, సగానికే పొయ్యి మరి, ఉలవలు పొంగితే నురుగొచ్చి ఆవిరిపొయ్యే రంధ్రానికి అడ్డంపడిద్దని పిల్ల చెప్పింది అంది. సగం పోస్తే ఏ ఎద్దుకి పెట్టను, పిల్లేమన్నా ఎడ్లని మేపిందా, అని అంచుదాకా పోశాడంట. కాసేపటికి అది బుసబుసమంది. ఎడ్లు బెదిరి తలుగులు లాగుతున్నాయి. తడి గోనెపట్టా మడిచి దానిమీద కప్పాడు. చూడండి, ఆయనకి ఎడ్ల బెదురు తెలిసింది గానీ ఆవిరి సంగతి తెలవలా.

ఇంతలో గట్టు మీద నుంచి ఒకాయన, పొద్దెక్కుతుంది ఓబుల్రెడ్డన్నా, మేం పోతన్నాం అని కేకేశాడు. ఈయన ప్లగ్గు పీకి, గోనె తీసేసి మూత తిప్పబోయాడు. తిరగలా. కాశమ్మ వచ్చి, "మూత మీద పిన్ను లేచి ఉంది కనపడలా? అది దిగిందాకా మూత తిరగదు, ముట్టుకోమాక, లోపల ఆవిరుంది" అంది. "ప్లగ్గు పీకితే ఇంక ఆవిరేందే?" అన్నాడు. "పీకితే కరెంటు ఆగింది. ఆవిరి ఎక్కడికి పోయింది?" అంది. ఆమె చెప్పింది నిజమేనని ఆయనకి తెలుసు. తెలిసీ, గట్టు మీద మనుషులు కదలటం చూసి ఆగలేకపోయాడు. ఎడంచేత్తో చీపురుపుల్ల తీసుకొని పిన్నుని కిందికి నొక్కిపెట్టి, కుడిచేత్తో బలమంతా పెట్టి మూత తిప్పాడంట.

మూత పోయి దూలానికి తగిలింది. కాగే ఉలవలు కుడిచేతి మీద, రొమ్ము మీద పడ్డాయి. ఎడ్లు తలుగులు తెంపుకొని చేలకడ్డంపడి పోయినయి.

పట్నంలో ఆసుపత్రిలో నెల పడున్నాడు. తిరునాళ్ళ అయిపోయింది. పుండు మానింది గానీ ఆ చేతి వేళ్ళు ముడుచుకోవు. పగ్గం పడితే జారిపోద్ది, అన్నం కాశమ్మే కలిపి పెడతంది. ఇంకొకడిని పెట్టి ఎడ్లని తోలించాడు, కదల్లా. ఊరికే ఎన్నాళ్ళు మేపుతాడు? అమ్మాడు. ఆ పక్క ఒక మర్యాదుంది, అమ్మినాయన తన కుడిచేత్తో పగ్గం తీసి కొన్నాయన చేతిలో పెట్టాల. ఓబుల్రెడ్డి పట్టుకోబోయాడు, జారి కింద పడింది. మళ్ళీ వంగాడు, మళ్ళీ జారింది. కొన్నాయన తల పక్కకి తిప్పుకున్నాడు. ఆఖరికి కాశమ్మే వచ్చి, నేలమీద పగ్గం తీసి కొన్నాయన చేతిలో పెట్టింది.