పన్నెండు బొబ్బట్లు

నరసరావుపేట, 1959. మిరపకాయల వ్యాపారి వెంకటాద్రి ఇంటి వసారా. వెనక వీధిలో ఉండే అక్క సుందరమ్మ ఇంట్లో మనవడి అక్షరాభ్యాసం నిన్ననే అయింది. వెంకటాద్రి మంచం మీద ఉన్నాడు. ఎదురుగా భార్య రాఘవమ్మ.

"పన్నెండు."

"ఎవరు చెప్పారే నీకు పన్నెండని? ఏ ఏడో, ఎనిమిదో..."

"వడ్డన చేసిన చెన్నమ్మత్త చెప్పింది. పన్నెండు బొబ్బట్లు. ఒక్కోదాని మీద గరిటెడు నెయ్యి. అదిగాక పూర్ణాలు. పూర్ణాల దగ్గరికొచ్చేసరికి ఆమెకి లెక్క తప్పిందంట, పాపం."

"సరేలే, తిన్నా. కాసిని ఓమనీళ్ళు ఇవ్వు. పొట్ట రాయిలా ఉంది."

"పొద్దుటి నించి మూడు చెంబులు తాగారు. ఓమం మటుకు ఎంతని అరిగిస్తది?"

"ఇవాళ ఇంకేం తినను. రేపు కూడా తినను. రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే నిన్నటిది చెల్లు."

"ఆహా, చెల్లంట! పోయిన నెల పెళ్ళిలో తినొచ్చి ఇట్టాగే ఒట్టేసుకుని పడుకున్నారు. రెండోనాటికి ఆగలేక చద్దన్నం గిన్నె ఊడ్చేశారు. మాడ్చడం, మింగడం. ఇదీ మీ పత్యం! ఒంట్లో చక్కెర పెట్టుకున్న మనిషికి డాక్టరు ఏం చెప్పాడు? వేళకి రెండు జొన్నరొట్టెలు, కాకరకాయ కూర, మజ్జిగ. మాడమన్నాడా?"

"జొన్నరొట్టె! మన కొట్లో బస్తాలు మోసే ఏసోబు తింటాడు జొన్నరొట్టె."

"తిని బస్తా ఎత్తుతున్నాడు. మీరు బొబ్బట్లు తిని మిమ్మల్ని మీరు ఎత్తుకోలేకపోతున్నారు."

"నీకేం తెలుసే, నాలిక పీకుతుంటే ఎట్టా ఉంటదో! కొట్లో కూర్చుంటే పక్క మిఠాయి కొట్లోంచి నేతి వాసన. డాక్టరు లవంగం బుగ్గన పెట్టుకోమన్నాడు, పెట్టుకున్నా. మంచినీళ్ళు తాగమన్నాడు, తాగా. అప్పటికీ ఆగకపోతే వంద దాకా అంకెలు లెక్కపెట్టమన్నాడు, పెట్టా."

"ఎందాకా పెట్టారు?"

"నలభై దగ్గర లేచా."

"వంద అయ్యేసరికి?"

"పొట్లం అయిపోయింది."

"ఛీ! యాభై రెండేళ్ళొచ్చాయి. నాలిక మటుకు చంకలో పిల్లాడిదే."

"అదేందే, అంతగా తీసిపారేస్తావు? తగ్గా గదా! కొట్లో కాటా ఎక్కి చూసుకున్నా. ఉగాదికీ ఇప్పటికీ మణుగున్నర తగ్గా, చొక్కాలన్నీ వదులైపోయాయి. పత్యం పనిచేయకపోతే తగ్గుతానా?"

"మణుగున్నరా?"

"ఆఁ, మణుగున్నర!"

"సరే, తగ్గారుగా. ఇంకో పన్నెండు వండిస్తా, మింగి పండగ చేసుకోండి."

"ఏరా వెంకటాద్రీ, ఎట్టా ఉందిరా? కక్కుకున్నావంట!"

"రా అక్కా. నువ్వన్నా చెప్పు దీనికి. నేను వద్దు వద్దంటుంటే, నా మీద ఒట్టురా అని వేసింది నువ్వే గదా?"

"నేనా... అంటే... శుభకార్యానికి వచ్చినోడివి. ఆ మాత్రం అనమా?"

"వదిన్ని ఎందుకంటారు? ఆవిడ వేస్తుంటే విస్తరి మీద అడ్డం పెట్టడానికి మీకు చెయ్యి లేదా?"

"పెట్టా! అడుగు, పెట్టానో లేదో!"

"పెట్టారు. వేళ్ళ సందులోంచి ఎన్ని పడుతున్నాయో చూసుకుంటా పెట్టారు."

"పోనీవే రాఘవమ్మా. వాడికి అసలే ఒంట్లో..."

"మీరు ఊరుకోండి వదినా. జాలిపడితే రేపు మీ ఇంట్లో గంగాళం దగ్గరే మంచమేస్తారు."

"దీనితో వేగేకంటే స్టేషన్ దాకా నడిచొస్తా. నడిస్తే అరుగుద్ది. ఇవాళ్టి నించి రోజూ నడుస్తా. వచ్చే నెల గుంటూరు పోయేసరికి నన్ను చూసి ఆ డాక్టరే నోరెళ్ళబెడతాడు, చూస్తుండు!"

"ముందు మీ నోరు మూసుకోవడం నేర్చుకోండి."

"నా చెప్పులేవి?"

"మంచం కింద. నిన్నటి బొబ్బట్లు వంగనివ్వకపోతే చెప్పండి, నేనే తీస్తా."

"తియ్యవే."

"కాలిట్టా పెట్టండి. రెండోది. మిఠాయి కొట్టు మీదగా కాదు, రైలుకట్ట పక్కగా పోండి."

"సరేలే."

"సరేలే అంటే కాదు. వచ్చాక మీసాలు వాసన చూస్తా!"

"విన్నావా అక్కా? మొగుడన్న లెక్క లేదు దీనికి. పోతున్నా."

"వెళ్ళాడా?"

"మలుపు తిరిగారు."

"ఇప్పుడు చెప్పు. ఏందే నీ నాటకం? మొన్న మా దొడ్లోకొచ్చి, బొబ్బట్లే చెయ్యి వదినా, అడిగినన్ని వెయ్యి, చాలంటే ఒట్టుపెట్టి ఇంకో రెండు వెయ్యి అని నా చేతులు పట్టుకుంది ఎవరు?"

"నేనే."

"నేతి గిన్నె పంపింది?"

"నేనే."

"మరి నేనేదో పాపం చేసినట్టు వాడి ముందు నన్ను నిలబెట్టావే! తినిపించేది నువ్వు, తిట్టేది నువ్వు, పత్యం పెట్టే ఇల్లాలన్న పేరూ నీకే. చానా బాగుంది. వాడికి నయం కాకూడదని ఉందా నీకు?"

"మెల్లగా వదినా."

"ఎందుకు మెల్లగా? సున్నుండలు చేసి వాడి చెయ్యి అందేచోటే దాస్తావంట. వాడు తినిందాకా చూసి, అప్పుడు ఇల్లెగిరేట్టు అరుస్తావంట. మీ కోడలే చెప్పింది. తిన్న ముద్ద ఒంటబట్టనివ్వని మనిషిని నిన్నే చూశా. పెట్టేదేదో నవ్వు ముఖంతో పెట్టొచ్చుగా! ఆ పాడు తిట్లన్నా మానొచ్చుగా!"

"మానకూడదు వదినా. పోయినసారి గుంటూరులో ఆయన బయట చెప్పులేసుకుంటుంటే, డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. ఇంక పత్యం అక్కర్లేదమ్మా, ఉన్నన్నాళ్ళు నోటికి ఏది హితవైతే అది పెట్టు అన్నాడు. నేను తిట్టడం మానిన రోజున ఆ మాట ఆయనకి తెలిసిపోద్ది."